అరవై దాటాక సొంత గుర్రం: మార్వారీ కోడె గుర్రమా, పెళ్లి ఊరేగింపుల గుర్రమా?

ప్రశ్న (భోగాపురం మండలం, విజయనగరం జిల్లా)

అందరికీ నమస్కారం. నేను ఉపాధ్యాయుడిగా విరమణ పొందాను, వయసు 62. విరమణ తరువాత విశాఖపట్నంలో గుర్రపు స్వారీ నేర్చుకున్నాను. నడకలోను, ట్రాట్‌లోను (నడకకూ దౌడుకూ మధ్య జోరు) కుదురుగా కూర్చోగలను. దౌడు తీయించే ధైర్యం లేదు, ఆ కోరికా లేదు. మా జీడితోటలో షెడ్డు, బోరు ఉన్నాయి. తోట చూసుకునే కుటుంబం అక్కడే ఉంటుంది.

ఇప్పుడు రెండు బేరాలు వచ్చాయి. ఒకటి, దళారి రాజస్థాన్ నుంచి తెప్పిస్తానంటున్న నాలుగేళ్ల మార్వారీ మగ గుర్రం. చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదానికొకటి తగులుతున్న ఆ ఫోటో చూసినప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. రెండోది, విజయనగరంలో పెళ్లి ఊరేగింపులకు తిరిగిన పన్నెండేళ్ల ఆడ గుర్రం. దీని ధర మొదటిదానిలో సగం కూడా లేదు. మా ఆవిడ మాత్రం, "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు, మీరు ఎక్కినా మానినా దానికి మేత వేయాల్సిందే కదా" అంటోంది. ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు (నరసన్నపేట)

మాస్టారూ, కొనదలిస్తే ఆ ఆడ గుర్రాన్నే చూడండి. నాలుగేళ్ల గుర్రానికి వెన్నెముక ఇంకా పూర్తిగా ముదరదు. పైగా విత్తు కొట్టించని మగ గుర్రం, దగ్గరలో ఆడ గుర్రం వాసన తగిలితే, పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది పట్టించుకోదు. గుర్రాలు పాతికేళ్ల పైబడి బతుకుతాయి కాబట్టి, పన్నెండేళ్ల గుర్రాన్ని ముసలిదని తీసిపారేయనక్కరలేదు.

అయితే ఊరేగింపుల గుర్రంతో ఒక చిక్కుంది. డప్పు వినిపించగానే అడుగులు వేయాలని, కళ్లెం బిగిస్తే ముందుకాళ్లు ఎత్తి ఎగరాలని దానికి నేర్పి ఉంటారు. మనం ఆగమని పగ్గాలు లాగితే, అది ఆడమన్నారనుకుంటుంది. అందుచేత బేరం ఖాయం చేసుకునే ముందు పెదవుల మూలలు విప్పి చూడండి; ముళ్ల కళ్లెం వాడి ఉంటే అక్కడ చర్మం తెల్లగా, మొద్దుగా మచ్చకట్టి ఉంటుంది. నాలుగు గిట్టలూ ఎత్తనిస్తుందో లేదో చూడండి. అమ్మేవాడినే ముందు ఎక్కమని, కట్టుగొయ్య దగ్గర నుంచి దూరంగా రోడ్డు మీదికి తీసుకెళ్లి, ట్రాక్టరు పక్కన నిలబెట్టమనండి. ఊరేగింపుల గుర్రాలు జనానికీ బాణసంచాకూ బెదరవు గానీ, ఒంటరిగా పొలం గట్టు మీద నడవమంటే బెంబేలెత్తిపోయేవి కొన్ని ఉంటాయి.

జవాబు (గరివిడి ప్రాంతం, పశువైద్యుడు)

ఏ గుర్రమైనా సరే, గ్లాండర్స్ రక్తపరీక్ష కాకుండా డబ్బు చేతిలో పెట్టవద్దు. ఇది మనుషులకూ సోకే వ్యాధి. తేలితే ఆ జంతువును చంపవలసిందే. దీనికి జాతీయ స్థాయి పరీక్షా కేంద్రం హర్యానాలోని హిస్సార్‌లో ఉంది. నమూనా ఎలా పంపాలో మీ మండల పశువైద్యాధికారి చెబుతారు.

మీ తోట ఇసుక నేల అయితే మేత నేల మీద వేయవద్దు. గడ్డితోపాటు మింగిన ఇసుక పేగుల్లో పేరుకుని శూల వస్తుంది. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు కాబట్టి, కడుపులో తేడా వస్తే అది ప్రాణం మీదికే రావచ్చు. అప్పుడప్పుడు పేడ ఉండను బకెట్ నీళ్లలో కలిపి కాసేపు ఉంచి వంచేయండి. అడుగున ఇసుక కనిపిస్తే మేతను తొట్టిలోనో గచ్చు మీదో వేసే ఏర్పాటు వెంటనే చూడాలి. ఒట్టి వరిగడ్డితో గుర్రం నిలవదు. పచ్చిగడ్డి, ఎండు మేత రోజంతా కొద్దికొద్దిగా అందాలి, ఉలవలు నానబెట్టి మితంగా పెట్టాలి. తుపాను వానలకు తడిసి బూజు పట్టిన గడ్డిని పశువులకు వేసినట్టు గుర్రానికి వేయకూడదు.

వానాకాలంలో జోరీగల వల్ల సర్రా అనే రక్తపు జబ్బు వస్తుంది. జ్వరం వచ్చి పోతూ, గుర్రం చిక్కిపోతూ, కాళ్లూ పొట్ట కిందా వాపు కనిపిస్తే రక్తం పరీక్ష చేయించండి. ధనుర్వాతం టీకా తప్పనిసరి. ఇంకొక మాట: గుర్రం ఒంటరిగా ఉండలేదు, కనీసం ఒక మేకనైనా తోడుగా కట్టండి.

జవాబు (శ్రీకాకుళం, ఫిజియోథెరపిస్టు)

మాస్టారు గారూ, గుర్రం గురించి అందరూ చెప్పారు కనుక నేను మీ గురించి అడుగుతాను. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా? ఎముకల సాంద్రత పరీక్ష చేయించారా? ఈ రెండూ తేలాకే స్వారీ. హెల్మెట్ లేకుండా జీను ఎక్కవద్దు. నేల మీద నుంచి రికాబులో కాలు పెట్టి ఎగరడానికి బదులు సిమెంటు దిమ్మె కట్టించుకోండి; మీ మోకాలికీ, గుర్రం వీపుకీ అదే మేలు.

మనిషి, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదని స్వారీ చేసేవారి లెక్క. కాటా లేకపోతే, ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో దానితోనే గుణించి, భుజం ముందుకొన నుంచి పిరుదు చివర వరకు ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగిస్తే బరువు సుమారుగా కిలోల్లో తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రాజస్థాన్ బేరం వదులుకున్నాను. ఆడ గుర్రానికి చుట్టుకొలత 172, పొడవు 152 వచ్చాయి. అంటే సుమారు 378 కిలోలు. నా బరువు 74, జీను 8. ఐదో వంతు లెక్కకు ఇంకా ఆరేడు కిలోలు ఎక్కువగానే ఉన్నాను కాబట్టి, తగ్గేదాకా దానిని పగ్గం పట్టుకుని నడిపించడమే. పెదవుల మూలల్లో మచ్చలున్నాయి, పాతవే. రక్త నమూనా ఇప్పించాను. లాడాల సంగతి ఒక్కటే తెలియలేదు; మా వైపు ఎడ్లకు కొట్టేవారే ఉన్నారు.

జవాబు (నరసన్నపేట)

ఎడ్ల లాడాలు కొట్టేవారి చేత గుర్రానికి కొట్టించకండి. ఎద్దుది చీలిన గిట్ట, గుర్రానిది ఒకే గిట్ట, మేకు దిగే చోటు వేరు. మీ ఇసుక నేల మీద నడకకు అసలు లాడాలే అక్కరలేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించి, రోజూ అడుగుభాగం శుభ్రం చేస్తే చాలు. విశాఖ బీచ్‌లో గుర్రాలు తిప్పేవారిని అడగండి, చెక్కేవారు ఎవరో వారికి తెలుస్తుంది. ఆ పాత మచ్చల నోటికి మాత్రం ముళ్లు లేని నున్నని కళ్లెమే వాడండి.