నిర్మాణ నిర్వహణ కోర్సు: పేపర్లు తీసేసి ప్రాజెక్టు పెట్టవచ్చా?

అధ్యాపకుడు, గుంటూరు

మా కళాశాల ఎం.టెక్. నిర్మాణ నిర్వహణ కోర్సులో వచ్చే ఏడాది ప్రణాళిక, అంచనాలు, నాణ్యత, ఒప్పందాలు అనే నాలుగు పేపర్లు తీసేసి, వాటి స్థానంలో ఒకే ప్రాజెక్టు పెడదామని ప్రతిపాదించాను. ఆవరణలోనే హాస్టల్ భవనం కడుతున్నారు. విద్యార్థులు ఐదుగురు చొప్పున బృందాలుగా దాని పరిమాణాలు లెక్కగట్టి, షెడ్యూలు వేసి, పని ఎంతవరకు వచ్చిందో వారం వారం నమోదు చేస్తారు. పరీక్ష ఉండదు. సహోద్యోగుల్లో సగం మంది ఒప్పుకోవడం లేదు. డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయం 1974లో మొదలైనప్పటి నుంచి చదువును ప్రాజెక్టుల చుట్టూనే నడుపుతోంది. మనకెందుకు సాధ్యం కాదు? మీ అభిప్రాయం చెప్పండి.

ప్రాజెక్టు మేనేజర్, హైదరాబాద్

సార్, నేను ఒప్పుకోను. కిందటేడు మా సైటులో చేరిన ఒక అబ్బాయి కంప్యూటర్‌లో షెడ్యూలు చాలా అందంగా వేసి తెచ్చాడు. చూస్తే, స్లాబు పోసిన మూడో రోజుకే సెంట్రింగ్ మొత్తం విప్పేసి పై అంతస్తుకు తరలించేశాడు! మా స్లాబులకు ఆధారాల మధ్య దూరం (స్పాన్) 5 మీటర్లు. కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుతో పోసిన స్లాబు స్పాన్ 4.5 మీటర్లు దాటితే సెంట్రింగ్ కింది ఆధారాలు కనీసం 14 రోజులు ఉండాలి. అంటే అంతస్తుకు 11 రోజులు తప్పు. అతను చదివింది మీరు చెప్పిన పద్ధతిలోనే. అడిగితే, "బృందంలో షెడ్యూలు నా వంతు, నాణ్యత ఇంకొకరిది సార్" అన్నాడు. నలుగురూ పని పంచుకుంటే ఒక్కొక్కరికీ పావు చదువే వస్తుంది. ఆ పావు చదువుతో స్లాబు కింద కూలీలను నిలబెట్టలేం.

ఎం.టెక్. పూర్తిచేసిన విద్యార్థిని, వరంగల్

మేనేజర్ గారూ, మీరు చెప్పింది నిజమే. మా ఐదుగురిలో పనిచేసింది ఇద్దరమే, మార్కులు మాత్రం అందరికీ సమానం. అయినా నేను ప్రాజెక్టు వైపే ఉంటాను.

ప్లాస్టరింగ్ కొలిచేటప్పుడు గోడలో అర చదరపు మీటరు లోపు ఖాళీలకు (కిటికీల వంటివాటికి) తగ్గింపు లేదని, అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా గోడ ఒక్క ముఖానికే తగ్గించాలని నిర్మాణ పనుల కొలతల ప్రమాణం ఐఎస్ 1200 చెబుతుంది. బీటెక్‌లో ఇది కంఠతా పట్టి రాశాను. ఎందుకలా అని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సైటులో ఒక కిటికీ దగ్గర టేపు పట్టుకుని రెండు వైపులా తగ్గించబోతుంటే తాపీ మేస్త్రీ ఆపాడు. "ఈ లోపలి అంచులకు, పైనా కిందా పూసింది ఏ లెక్కలో వేస్తావమ్మా?" అన్నాడు. రెండో ముఖాన్ని వదిలేసేది ఆ అంచుల పనికి బదులుగానని అప్పుడు అర్థమైంది. ఒక మనిషి కూలి ఆ ఒక్క వాక్యంలో ఉందని ఏ తరగతి గదీ నాకు చెప్పలేదు.

ప్రాజెక్టు మేనేజర్, హైదరాబాద్

అమ్మా, కొలతల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. కానీ గడువు పొడిగింపు, ధరల సవరణ, మధ్యవర్తిత్వం వంటివి హాస్టల్ భవనం దగ్గర కనిపించవు. వైఫల్యాలూ అంతే. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగాయి. అలాంటిది పత్రాలు ముందు పెట్టుకుని, గురువు పక్కన కూర్చుని చదవాల్సిందే. పైగా ఒక సెమిస్టరులో భవనం పునాది నుంచి పైకప్పు దాకా లేవదు. పునాది చూసినవాడు ప్లాస్టరింగ్ చూడడు.

అధ్యాపకుడు, గుంటూరు

ఒప్పందాలను పేపరుగానే ఉంచుతాను. ఆల్బోర్గ్‌లో కూడా ప్రాజెక్టు పక్కన పాఠాలు నడుస్తాయి. అది ముందే చెప్పి ఉండాల్సింది. బృందం ఒకటే అయినా కొలతల పుస్తకం ఎవరిది వారే రాయాలి. మౌఖిక పరీక్షలో షెడ్యూలు వేసినవారిని నాణ్యత గురించి, నాణ్యత చూసినవారిని షెడ్యూలు గురించి అడుగుతాను. మిగిలిన మూడు పేపర్లను కూడా ఈ ఒక్క ఏడాదికి ప్రాజెక్టుతో పాటే ఉంచమని సహోద్యోగులు అంటున్నారు. అది మధ్యేమార్గం అవుతుందేమో.

ఎం.టెక్. పూర్తిచేసిన విద్యార్థిని, వరంగల్

సార్, దయచేసి అది మాత్రం చేయకండి. మాకు అలాగే రెండూ పెట్టారు. పరీక్షల నెల రాగానే అందరం పుస్తకాలు పట్టుకున్నాం, సైటుకు ఒక్కరమూ వెళ్లలేదు. మూడో అంతస్తు స్లాబు ఆ నెలలోనే పోశారు.