కిడ్నీ రాయి రిపోర్ట్‌లో "ప్రోటీన్" అని రాశారు. గుడ్లు, పప్పు మానేయాలా?

జగిత్యాల_టు_కువైట్

అందరికీ నమస్తే. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. కువైట్‌లో స్కఫోల్డింగ్ పని చేస్తున్నా. పోయిన ఎండాకాలం సైట్ మీద ఉండగా ఎడమ పక్క నొప్పి లేచింది. నిలబడితే నొప్పి, కూర్చుంటే నొప్పి, వాంతులు. అక్కడ ఇంజెక్షన్ ఇచ్చి రూముకు పంపించారు. సెలవు మీద ఇంటికొచ్చాక స్కాన్ తీస్తే మూత్రనాళంలో 9 ఎంఎం రాయి. లేజర్‌తో పగలగొట్టి తీసి, మూత్రం ఆగకుండా పోవడానికి లోపల స్టెంట్ అనే సన్న గొట్టం వేశారు. ముక్కలు చిన్న సీసాలో ఇస్తే ల్యాబ్‌కు పంపించా.

రిపోర్ట్ వచ్చింది. కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్ ఎక్కువ, కార్బొనేట్ ఆపటైట్ (ఇది కాల్షియం ఫాస్ఫేట్ రకమట) కొంచెం, కింద "ప్రోటీన్ మాట్రిక్స్: స్వల్పం" అని ఉంది. మూత్ర పరీక్షలో కూడా ప్రోటీన్ వన్ ప్లస్. ఇది మా అక్క కొడుకు చదివి చెప్పిన దగ్గర నుంచి ఇంట్లో గుడ్డు బంద్, పప్పు బంద్. అమ్మ చారుతోనే పెడుతోంది. మెస్‌లో నేను తినేదే రోజూ చికెన్, గుడ్లు. రాయిలో ప్రోటీన్ ఎందుకుంది? నేను తిన్నదేనా? డాక్టర్‌ను అడుగుదామంటే బయట లైన్ చూసి నోరు రాలేదు.

బెంచి_మీది_రాళ్లు

తమ్ముడూ, ముందు టెన్షన్ తగ్గించుకో. అది నువ్వు తిన్న గుడ్డు కాదు. తిన్న ప్రోటీన్ పేగుల్లోనే అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. రాయిలో ఉన్నది నీ కిడ్నీ కణాలు తయారు చేసింది, కొంత రక్తం నుంచి వచ్చింది.

నేను విశాఖలో ఒక ల్యాబ్‌లో రాళ్ల పరీక్షలే చేస్తుంటాను. శుభ్రమైన సీసాలో పంపేవాళ్లుంటారు, అగ్గిపెట్టెలో దూది పెట్టి పంపేవాళ్లూ ఉంటారు. (ఎవరైనా పంపబోతుంటే, పొడిగా పంపండి, ఫార్మలిన్ పోయకండి.) రాయిని పొడి చేసి ఇన్‌ఫ్రారెడ్ యంత్రంలో పెడతాం. ఖనిజాల జాడ స్పష్టంగా తెలుస్తుంది, ప్రోటీన్ జాడ చిన్నగా పక్కన ఉంటుంది. అందుకే "స్వల్పం".

స్వల్పమే కానీ తీసిపారేసేది కాదు. ఎమ్మెస్సీలో మా సార్ ఒక రాయిని కాల్షియంను లాగేసే ఈడీటీఏ అనే రసాయన ద్రావణంలో ఉంచి చూపించారు. కాల్షియం మొత్తం కరిగిపోయింది, కానీ రాయి మాయం కాలేదు. అదే ఆకారంలో, పొరలు పొరలుగా, మెత్తని తొడుగులాంటిది మిగిలింది. బరువులో చూస్తే రెండు మూడు శాతమే, ఉండటం మాత్రం నడిమధ్య నుంచి పై పొర దాకా ఉంది. దాన్నే మాట్రిక్స్ అంటారు. అమెరికాలో విలియం బాయిస్ అనే యూరాలజిస్ట్ 1950, 60లలో దీని వెంటే పడ్డాడు.

అందులో దొరికే ప్రోటీన్లు చాలానే. వాటిలో నాకు ఇష్టమైనది యూరోమోడ్యులిన్. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ప్రోటీన్ ఇదే. 1950లో టామ్, హార్స్‌ఫాల్ అనే ఇద్దరు దీన్ని వేరు చేశారు. వాళ్లు వెతికింది రాళ్ల కోసం కాదు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఎర్ర రక్తకణాలను గుంపు కట్టించకుండా మూత్రంలో ఏదో అడ్డుపడుతోంది, అదేమిటని వెతికారు. తర్వాత తేలిందేమిటంటే, ఇది ఈకోలై బ్యాక్టీరియాను కూడా పట్టుకుంటుంది, కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కోకుండా కూడా చూస్తుంది. ఈ జన్యువు తీసేసిన ఎలుకల కిడ్నీల్లో స్ఫటికాలు పేరుకున్నాయి.

ఇంకొకటి ఆస్టియోపాంటిన్. ఎముకలో ఉండేదే, కిడ్నీ కూడా తయారు చేస్తుంది. దాని మీద రుణావేశం (నెగటివ్ చార్జ్) బాగా ఎక్కువ, కాల్షియంది పాజిటివ్. కాల్షియం కనిపించే స్ఫటికం ముఖానికి వెళ్లి అంటుకుంటుంది, ఆ ముఖం పెరగడం మందగిస్తుంది.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. కాపలా కాసేవే అయితే దొంగతో పాటు రాయిలోపల ఎందుకు దొరికాయి? ఇది పెద్దవాళ్లు కూడా చాలా ఏళ్లు వాదించుకున్న విషయం. విడివిడిగా కరిగి ఉన్నప్పుడు ఈ ప్రోటీన్లు స్ఫటికాన్ని కప్పేసి ఆపుతాయి. అవే గుంపు కట్టినా, ఏదైనా ఉపరితలానికి అతుక్కుని పరుచుకున్నా, స్ఫటికాలను చేరదీసే జిగురులా పనిచేస్తాయి. మూత్రం చిక్కగా, ఉప్పగా, ఆమ్లంగా ఉంటే యూరోమోడ్యులిన్ తనలో తానే ముద్ద కడుతుంది. నలభై అయిదు డిగ్రీల ఎండలో పైపులెక్కి, సీసాడు నీళ్లతో పొద్దు గడిపితే మూత్రం ఎలా ఉంటుందో నీకే తెలుసు. నా లెక్కలో నీ చికెన్ కన్నా ముందు నిలదీయాల్సింది దాన్నే.

పెద్దమామయ్య_తెనాలి

ఈ ప్రోటీన్లు, ఎలుకలు నాకు తెలియవు గానీ, మా ఇంట్లో రాయి అంటే కొండపిండి ఆకు. పప్పులో వేసి వండుతాం, కషాయం కాస్తాం. అరటి దూట రసం, ఉలవచారు సరేసరి. మా పెద్దబ్బాయికి రెండు రాళ్లు పడిపోయాయి. బాబూ, సెలవులో ఉన్నావుగా, తిని చూడు. టమాటా గింజలు మాత్రం ముట్టుకోకు.

యూరాలజీ_పీజీ

మామయ్యగారూ, కూరగా వండుకు తింటే నాకు అభ్యంతరం లేదు, కషాయంతో పాటు కడుపులోకి పోయే నీళ్లు మంచివే. 5 ఎంఎం కన్నా చిన్న రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి, ఆకు తిన్నా తినకపోయినా. టమాటా గింజలు పాపం ఏమీ చేయవు.

పైన అక్క చెప్పినదానికి కిడ్నీ లోపలి సంగతి కలుపుతాను. మూత్రం తయారయ్యే నెఫ్రాన్ అనే సన్నటి గొట్టాన్ని దాటడానికి కొద్ది నిమిషాలే పడుతుంది. ఆ కాస్త సేపట్లో తేలుతూ పోయే స్ఫటికం దారి మూసేంత పెరగలేదు. ఎక్కడో ఒకచోట పట్టు దొరకాలి. ఫిలడెల్ఫియాలో అలెగ్జాండర్ రాండాల్ 1937లో ఆ చోటు గురించి రాశాడు: కిడ్నీ పాపిల్లా (మూత్రం బయటికి కారే మొనలాంటి భాగం) కొన మీద తెల్లటి మచ్చలు, వాటిని అంటిపెట్టుకుని చిన్న రాళ్లు. 2003లో ఇండియానా, షికాగో బృందం రోగుల పాపిల్లా ముక్కలు తీసి చూస్తే, ఆ మచ్చ మొదలయ్యేది హెన్లీ లూప్ (నెఫ్రాన్ గొట్టంలో వంపు తిరిగే భాగం) సన్నటి చోట, కణాల కింద ఆధారంగా ఉండే బేస్‌మెంట్ పొరలో అని తేలింది. ఆపటైట్ గింజలు, వాటి చుట్టూ ప్రోటీన్ పొర, మళ్లీ ఖనిజం, మళ్లీ ప్రోటీన్. అక్కడా ఆస్టియోపాంటిన్ ఉంది. పైన కప్పి ఉన్న కణాల పొర ఊడిందంటే, పెచ్చు ఊడిన గోడలా ఆ మచ్చ నేరుగా మూత్రానికి తగులుతుంది. మూత్రంలోని ప్రోటీన్లు దాని మీద పరుచుకుంటాయి, వాటి మీద ఆపటైట్, ఆ పైన కాల్షియం ఆక్సలేట్. అన్నా, నీ రిపోర్ట్‌లో ఆ కొంచెం ఆపటైట్ ఇలా మొదలైనదే కావచ్చు. రాయి ముక్కలైంది కాబట్టి తేల్చి చెప్పలేం.

చుట్టూ ఉన్న కణజాలం ఊరికే కూర్చోదు. ఆక్సలేట్, స్ఫటికాలు తగిలి గాయపడిన కణాలు ఆస్టియోపాంటిన్ ఎక్కువ చేస్తాయి, చెత్తను మింగి శుభ్రం చేసే మాక్రోఫేజ్ కణాలను పిలిచే సంకేత ప్రోటీన్లు వదులుతాయి. గాయం మానుతున్న కణాల ఉపరితలం మీద స్ఫటికం అంటుకునే అణువులు తేలతాయి. అంటే రాయి వల్ల గాయం, గాయం వల్ల మళ్లీ రాయికి చోటు.

మూత్ర పరీక్షలో వచ్చిన వన్ ప్లస్ విషయం వేరే. మూత్రంలో ముంచి చూసే రంగు పుల్ల ప్రధానంగా చూపించేది రక్తంలోని ప్రోటీన్ అయిన అల్బుమిన్‌ను, యూరోమోడ్యులిన్‌ను కాదు. స్టెంట్ లోపల ఉండి, మూత్రంలో కాస్త రక్తం పోతుంటే అలా రావచ్చు. స్టెంట్ తీశాక అల్బుమిన్ క్రియాటినిన్ రేషియో (మూత్రంలో అల్బుమిన్ ఎంత పోతోందో కచ్చితంగా చెప్పే పరీక్ష) ఒకసారి చేయించు. అప్పటికీ ఎక్కువ వస్తే డాక్టర్ దగ్గర కూర్చుని అడుగు, లైన్ ఎంత ఉన్నా సరే.

జగిత్యాల_టు_కువైట్

ఇద్దరికీ థాంక్స్. ఆ యూరోమోడ్యులిన్ పెంచే మందు ఏమైనా ఉందా? ఇంకోటి, కాల్షియం రాయి కాబట్టి పెరుగు, పాలు కూడా మానమంటోంది అమ్మ.

యూరాలజీ_పీజీ

మందు లేదు. ఉన్నా నేను తొందరపడను. ఐస్‌లాండ్‌లో 2010లో చేసిన జన్యు పరిశీలనలో, యూరోమోడ్యులిన్ జన్యువులో దీర్ఘకాల కిడ్నీ జబ్బు ముప్పు పెంచే తేడా ఒకటుంది, అదే తేడా రాళ్ల నుంచి కాపాడుతోందని తేలింది. ఒకవైపు లాగితే ఇంకోవైపు ఊడొచ్చే వ్యవహారం.

బెంచి_మీది_రాళ్లు

అమ్మకు చెప్పు, పెరుగు మానకూడదు. ఇటలీలోని పార్మాలో 120 మంది మగవాళ్లను అయిదేళ్లు గమనించారు. అందరికీ కాల్షియం రాళ్లు వచ్చినవే, మూత్రంలో కాల్షియం ఎక్కువ పోయేవాళ్లే. 60 మందికి కాల్షియం తగ్గించిన తిండి, మిగతా 60 మందికి మామూలు కాల్షియం ఉంచి ఉప్పు, మాంసం తగ్గించిన తిండి. 2002లో ఫలితాలు వచ్చాయి: కాల్షియం తగ్గించినవాళ్లలో 23 మందికి మళ్లీ రాయి, రెండో గుంపులో 12 మందికి. తిన్న కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టి బయటికి పంపేస్తుంది. పాలకూర వండిన రోజున పెరుగన్నం తప్పకుండా తిను.

పప్పు ఆపాల్సిన పని లేదు. గుడ్డు రోజుకొకటి తింటే ఏం కాదు. మెస్‌లో రెండు పూటలా చికెన్ అంటే మాత్రం ఒక పూటకు తగ్గించు. మాంసం ఎక్కువైతే మూత్రంలో కాల్షియం, యూరిక్ ఆమ్లం పెరుగుతాయి, రాయిని అడ్డుకునే సిట్రేట్ తగ్గుతుంది. ఉప్పు, ఊరగాయ కూడా చూసుకో. మూత్రం రోజుకు రెండున్నర లీటర్లు రావాలి. ఎండలో చెమటకే నీళ్లు పోతాయి కాబట్టి ఎంత తాగానన్నది కాదు, ఎంత వచ్చిందన్నది చూడు.

24 గంటల మూత్ర పరీక్ష రాయించుకో. కాల్షియం, ఆక్సలేట్, సిట్రేట్, సోడియం, యూరిక్ ఆమ్లం అన్నీ చూస్తారు. కానీ ఇప్పుడు ఇక్కడ చేయించకు. స్టెంట్ తీసి, కువైట్ వెళ్లి, మెస్ తిండి, సైట్ డ్యూటీ మామూలుగా మొదలయ్యాక అక్కడే చేయించు. అమ్మ పెట్టే చారన్నం తింటూ ఇస్తే వచ్చే అంకెలు నీ అసలు రోజువి కావు.