బెర్త్ మొరిసో బొమ్మలు సగంలో వదిలేసినట్టు ఎందుకుంటాయి?

ప్రశ్న: వైజాగ్‌లో పెయింటింగ్ నేర్చుకుంటున్నాను. మా సార్ పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ పెయింటర్ మొరిసోను చూడమన్నారు. చాలా బొమ్మల్లో అంచుల దగ్గర కాన్వాసు ఖాళీగానే కనిపిస్తోంది. కావాలనే అలా వదిలిందా, టైం లేకనా?

జవాబు: కావాలనే అండి, మారిపోయే వెలుగును పట్టుకోవాలని. చేయి తిరగక కాదు, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో పాత మాస్టర్ల బొమ్మలు కాపీ చేసి, ప్రకృతి దృశ్యాలు వేసే పెయింటర్ కోరో దగ్గర నేర్చుకుని, 1864లోనే సలోన్‌లో, అంటే పారిస్ అధికారిక కళా ప్రదర్శనలో, బొమ్మలు పెట్టిన మనిషి. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో కూర్చుని నీళ్ల మీద వెలుగు వేసి చూడండి, అది మారిపోయేలోపు బ్రష్ ఎంత స్పీడుగా కదపాలో తెలుస్తుంది.

జవాబు: 'ఇల్లూ పిల్లలే వేసింది' అని తీసిపారేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. పారిస్‌లోని పెద్ద ఆర్ట్ కాలేజీ ఎకోల్ దే బోజార్‌లో 1897 దాకా ఆడవాళ్లకు సీటే లేదు, కేఫ్‌లలో ఒంటరిగా కూర్చునే వీల్లేదు, మరి ఇంకేం వేస్తుంది? 1872 నాటి 'ఉయ్యాల'లో ఉన్నది అక్క ఎడ్మా. ఆవిడా మంచి పెయింటరే, పెళ్లయ్యాక దాదాపు మానేసింది.

జవాబు: ఇంప్రెషనిస్టులు, అంటే మారే వెలుగును అప్పటికప్పుడు పట్టి వేసే పెయింటర్లు, పెట్టిన ఎనిమిది ప్రదర్శనల్లో ఏడింటిలో మొరిసో ఉంది. 1879లో మాత్రం లేదు, అంతకుముందు ఏడాదే కూతురు జూలీ పుట్టింది.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్. ఆదివారం బీచ్‌కే వెళ్తా, వాటర్ కలర్స్‌తో.