జీఆర్ఈ విద్యార్థుల చేత కఠిన పదాల జాబితాలు వల్లె వేయించాలా?

ఇంగ్లిష్ మాస్టారు:
అమెరికా వంటి దేశాల్లో పై చదువుల ప్రవేశానికి రాసే జీఆర్ఈ పరీక్షకు సిద్ధమయ్యే విద్యార్థులకు నేను ఇంగ్లిష్ చెబుతున్నాను. రోజుకు ముప్పై మాటలు తెలుగు అర్థాలతో వల్లె వేయించాలని మా శిక్షణ కేంద్రం వారి పట్టుదల. మొన్న ఒక విద్యార్థి, 'అలీవియేట్' అంటే 'తగ్గించు' అని నేర్చుకుని, ప్రభుత్వం పెట్రోలు ధరను అలీవియేట్ చేసిందని వ్యాసంలో రాశాడు. నొప్పి, పేదరికం వంటి బాధల విషయంలోనే ఆ మాట వాడతారని అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పవలసినవాణ్ణి నేనే. ఈ పద్ధతి కొనసాగించవచ్చా?

పాత అభ్యర్థి:
కొనసాగించండి. చిన్నప్పుడు మనకు పద్యం ముందు నోటికి వచ్చింది, అర్థం తర్వాత తెలిసింది. మూడు నెలల గడువులో, ముఖపరిచయమైనా లేని మాటను వాక్యంలో చూసి గ్రహించమనడం అత్యాశ.

భాషా విద్యార్థిని:
పాత అభ్యర్థి గారితో ఏకీభవించలేను. ఆ పరీక్షలో వ్యతిరేక పదాల ప్రశ్నలను 2011లోనే తొలగించారు. ఇప్పుడు ఆరు మాటలిచ్చి, ఖాళీలో ఇమిడి వాక్యానికి ఒకే భావాన్నిచ్చే రెండింటిని ఎంచమంటారు కాబట్టి, విడిగా నేర్చిన అర్థం సగం దూరమే తీసుకెళుతుంది. పైగా భాషా పరిశోధకురాలు అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన 570 పదకుటుంబాలను (ఒకే మూలపదం నుంచి వచ్చే మాటల గుంపులను) చూడండి, విద్యావిషయక రచనల్లోని మాటల్లో దాదాపు 10 శాతం వాటిలోవే. 'డెరైవ్', 'సబ్‌సీక్వెంట్' వంటి ఆ మాటలు అమెరికా వెళ్లాక పాఠ్యపుస్తకాల్లో నిత్యం ఎదురవుతాయి. ముందు అవి రావాలి.

తెలుగు పండితుడు:
ఉపసర్గలతో నేర్పి చూడండి. మన 'పరి' లాంటిదే లాటిన్ 'సర్కమ్'. 'పరిధి' తెలిసినవాడికి 'సర్కంఫరెన్స్' కొత్త కాదు.

పాత అభ్యర్థి:
పండితుల వారు మన్నించాలి. 'సర్కమ్‌స్పెక్ట్'ను అలా విడదీస్తే 'చుట్టూ చూడటం', అంటే దాదాపు మన 'పరీక్ష' అవుతుంది; ఇంగ్లిష్‌లో మాత్రం అది ఆచితూచి నడిచే మనిషికి చెప్పే మాట. ఇదీ చివరికి కంఠస్థం చేయవలసిందే కదా.

ఇంగ్లిష్ మాస్టారు:
కంఠస్థాన్ని పూర్తిగా మానను గాని, ముప్పై మాటలను పన్నెండు చేస్తాను. 'తగ్గించు' కింద రెడ్యూస్, అలీవియేట్, కర్టెయిల్, మిటిగేట్ రాసి, ధర, నొప్పి, ఖర్చు, ముప్పు అనే వాటిలో దేనికి ఏది బాగా అతుకుతుందో విద్యార్థుల చేతనే చెప్పిస్తాను. కేంద్రం వారిని ఒప్పించడం వేరే సంగతి.