ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైన్లు: రూకీకీ స్టార్‌కీ ఒకటే రేటు, ఇదేం న్యాయం?

నాలుగో_డౌన్, మియాపూర్:

ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) 2025 సీజన్ ఫైన్ల పట్టికలో ఒక లెక్క నాకు అసలు మింగుడుపడట్లేదు. హెల్మెట్ వంచి ఎదుటివాడిని గుద్దితే మొదటిసారి 23,186 డాలర్లు, రెండోసారి 46,371. ఎవరు గుద్దినా అంతే. ఇప్పుడు అప్పుడే లీగ్‌లోకి వచ్చిన కుర్రాడి (రూకీ) సంగతి చూడండి. 2025లో కనీస జీతం ఏడాదికి 8,40,000. సీజన్ 18 వారాలు (17 మ్యాచ్‌లు, ఒక వారం బై, అంటే విరామం), అంటే వారానికి 46,667. మొదటి తప్పుకే ఆ వారం చెక్కులో సగం గోవిందా. ఇంకో వారం రెండోది పడితే ఆ వారం మిగిలేది 296 డాలర్లు. ట్యాక్స్ ఊసు ఇంకా ఎత్తలేదు.

ఏడాదికి 4 కోట్ల డాలర్ల వాడు అదే గుద్దు గుద్దితే? ఆ 23,186 అతని సంపాదనలో వెయ్యో వంతు కూడా కాదు. ట్యాంక్‌బండ్ దగ్గర సిగ్నల్ దూకితే యాక్టివా వాడికీ ఆడీ వాడికీ ఒకటే చలానా అన్నట్టుంది.

క్రికెట్లో అయితే సిరాజ్‌కి అడిలైడ్‌లో మ్యాచ్ ఫీజులో 20 శాతం కోశారు. అలా శాతంలో పెడితే పోయేదిగా? తక్కువ జీతం వాళ్లకి రూల్స్‌లో ఏదైనా వెసులుబాటు ఉందా? ఇంకోటి, రిఫరీ ఫ్లాగే (తప్పు జరిగిందని విసిరే గుడ్డ) వెయ్యని ప్లేకి తర్వాత ఫైన్ ఎలా వేస్తారు?

కవర్_టూ, కొండాపూర్:

వెసులుబాటు ఉందండీ. పట్టికలో కనపడదు, లీగ్‌కీ ప్లేయర్ల యూనియన్‌కీ మధ్య ఉన్న ఒప్పందంలో 46వ ఆర్టికల్‌లో ఉంటుంది. సీజన్ మొత్తానికి తనకి వచ్చే సంపాదనతో పోలిస్తే ఈ ఫైన్ మరీ ఎక్కువ అని ఆటగాడు వాదించుకోవచ్చు. కాకపోతే ఆ వాదన నిలబడాలంటే గీత దాటాలి: మొదటి తప్పుకి ఒక వారం జీతంలో 25 శాతం, రెండో తప్పుకి 50 శాతం. ఆ గీతకి మించిన ఫైన్‌నే ఈ కారణం మీద తగ్గిస్తారు.

మీ రూకీకి పెట్టి చూడండి. 46,667లో పావు వంతు 11,667. హెల్మెట్ ఫైన్ 23,186 దానికి దాదాపు రెట్టింపు, కాబట్టి గట్టి కేసే. రెండో తప్పుకి గీత 23,333, ఫైన్ 46,371. అక్కడా అంతే.

అయితే ఇది దానంతటది జరగదు. ఫైన్ లెటర్ చేతికొచ్చాక మూడు పనిదినాల్లో లిఖితపూర్వకంగా అప్పీల్ చేసుకోవాలి. ఆటగాడే చేసుకోవచ్చు, లేదా అతను సరేనంటే యూనియన్ చేస్తుంది. గడువు దాటిందో, జీతం ఎంతైనా సరే పట్టికలో ఉన్న మొత్తం పూర్తిగా కట్ అవుతుంది. అప్పీల్ వినేది లీగ్, యూనియన్ కలిసి పెట్టుకున్న మాజీ ఆటగాళ్లు. డెరిక్ బ్రూక్స్ లాంటి వాళ్లన్నమాట. అప్పీల్లో తగ్గడం కొత్తేం కాదు. 2010లో జేమ్స్ హారిసన్‌కి మొహమ్మద్ మసాక్వాయ్‌ని గుద్దినందుకు వేసిన 75,000 చివరికి 50,000 అయింది.

ఇందులో నాకు నచ్చని చిన్న మెలిక ఒకటుంది. కవ్వింపుకీ, మామూలు అనవసర దెబ్బకీ 2025 రేటు 11,593. గీతేమో 11,667. అంటే 74 డాలర్ల తేడాతో, కనీస జీతం తీసుకునే వాడికి కూడా ఈ వాదన పనికిరాదు. 2024లో ఇదే ఫైన్ 11,255, కనీస జీతం 7,95,000 కాబట్టి గీత 11,042. అప్పుడు 213 డాలర్లు పైన ఉంది, వాదన చెల్లేది. ఫైన్లు ఏటా సుమారు 3 శాతం పెరుగుతుంటే కనీస జీతం ఏటా 45,000 పెరుగుతోంది, అందుకని చిన్న ఫైన్లన్నీ మెల్లగా గీత కిందికి జారిపోతున్నాయి.

ఫ్లాగ్ సంగతి: ఫైన్‌కీ ఫ్లాగ్‌కీ ముడి లేదు. వారంలో లీగ్ ఆఫీసు వాళ్లు వీడియోలు తిప్పి తిప్పి చూస్తారు. ఫ్లాగ్ పడని ప్లేకి ఫైన్ రావచ్చు, ఫ్లాగ్ పడ్డదానికి రాకపోవచ్చు కూడా. శనివారం జాబితా బయటికొస్తుంది, మనకప్పటికి అర్ధరాత్రి దాటుతుంది.

ఉప్పల్_ఎండ్‌జోన్:

శాతం అనంగనే న్యాయం అయిపోతదనుకుంటున్నరు అందరు. సిరాజ్ ముచ్చట తెచ్చిన్రు కాబట్టి చెప్తున్న. అడిలైడ్‌ల 20 శాతం, 2025 లార్డ్స్‌ల డకెట్ వికెట్ పడ్డంక 15 శాతం. దేంట్ల శాతం? మ్యాచ్ ఫీజుల. బీసీసీఐ టెస్ట్ మ్యాచ్ ఫీజు 15 లక్షలు, పదకొండు మందిల ఆడేటోళ్లందరికి ఒక్కటే. ఆ లెక్కన 20 శాతమంటే 3 లక్షలు. సిరాజ్ కట్టినా, బుమ్రా కట్టినా, మొన్ననే టీంలకొచ్చిన పోరడు కట్టినా గదే 3 లక్షలు. పేరుకే శాతం, పనిల మాత్రం ఫ్లాట్ రేటే.

ఐపీఎల్ ఇంకా అన్యాయం. 2025 నుంచి మ్యాచ్‌కి ఏడున్నర లక్షల ఫీజు పెట్టిన్రు. 27 కోట్ల రిషభ్ పంత్‌కి గదే ఏడున్నర, 30 లక్షల బేస్ ప్రైస్‌కి పోయినోనికి గదే ఏడున్నర. 25 శాతం కోసిన్రంటే ఇద్దరికి 1,87,500. 30 లక్షలోనికి సీజన్ కాంట్రాక్టుల ఆరు శాతం పోయినట్టు, పంత్‌కి లెక్కలకే రాదు.

క్రికెట్ల అసలు భయం పైసలు కాదు భాయ్, డీమెరిట్ పాయింట్లు. 24 నెలల్ల నాలుగైతే రెండు సస్పెన్షన్ పాయింట్లయితయి. అంటే ఒక టెస్టు పాయె, లేకపోతే రెండు వన్డేలో రెండు టీ20లో పాయె. లార్డ్స్ తర్వాత సిరాజ్ ఖాతాల రెండు. ఎన్‌ఎఫ్‌ఎల్‌ల గిట్ల అందరికి కనపడే పాయింట్ల లెక్క లేదు, నాకు గదే లోటు అనిపిస్తది.

క్యాప్_లెక్కలు, మణికొండ:

ఉప్పల్ అన్న అడిగిన "దేంట్ల శాతం" అన్నదే అసలు ప్రశ్న. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో దీనికి జవాబు చాలా గజిబిజి.

ఫైన్ ఫ్లాట్‌గా ఉంటుంది, కానీ సస్పెన్షన్ మాత్రం జీతాన్ని బట్టే కొడుతుంది. ఒక మ్యాచ్ కూర్చోబెడితే బేస్ శాలరీలో (బోనస్‌లు కాకుండా వారం వారం వచ్చే జీతం) 18వ వంతు పోతుంది. 2025 నుంచే రెండు ఉదాహరణలు. సెప్టెంబర్ 4న సీజన్ తొలి మ్యాచ్‌లో ఈగల్స్ టీమ్ ఆటగాడు జేలెన్ కార్టర్ ప్రత్యర్థి డాక్ ప్రెస్కాట్ మీద ఉమ్మాడు. కిక్‌ఆఫ్ అయ్యాక మొదటి స్నాప్ (ప్లే మొదలుపెట్టే బంతి అందింపు) పడకముందే బయటికి పంపేశారు. ఆడని ఆ మ్యాచ్‌నే సస్పెన్షన్ కింద లెక్కేసి 57,222 ఫైన్ వేశారు. ఆ అంకె పట్టికలోది కాదు, అతని బేస్ 10,30,000ని 18తో భాగించండి, సరిగ్గా అంతే వస్తుంది. నవంబర్‌లో బెంగాల్స్ జామార్ చేజ్ జేలెన్ రామ్సీ మీద ఉమ్మాడు. ఒక మ్యాచ్ సస్పెన్షన్, పోయింది 5 లక్షల డాలర్లకి పైనే. ఉమ్ము ఒకటే, బిల్లు తొమ్మిదింతలు. నాలుగో_డౌన్ గారు కోరిన న్యాయం ఇదే కదా? అయినా కార్టర్ మరుసటి వారం కాన్సాస్ సిటీ మీద దిగి ఆడాడు, చేజ్ టీమ్ ఒక వారం అతను లేకుండా ఆడింది. అది ఏ శాతంలోనూ పట్టదు.

ఇక బేస్ శాలరీ సంగతి. టీమ్‌లు క్యాప్‌లో (టీమ్ మొత్తం జీతాలకి లీగ్ పెట్టిన పరిమితి) చోటు కోసం పెద్ద ఆటగాళ్ల బేస్‌ని కనీసానికి దించి మిగతాది సైనింగ్ బోనస్‌గా మార్చేస్తాయి. డబ్బు ఒక జేబు లోంచి ఇంకో జేబులోకి వెళ్తుంది, అంతే. 2022లో డెషాన్ వాట్సన్‌ది మైదానం బయటి కేసే అయినా లెక్క కోసం చూడండి. ఆ ఏడాది అతని బేస్ 10,35,000 మాత్రమే. 11 మ్యాచ్‌ల సస్పెన్షన్‌కి జీతంలో పోయింది 6,32,500. గట్టిగా తగలాలంటే దానికి విడిగా 50 లక్షల డాలర్ల ఫైన్ జోడించాల్సి వచ్చింది. రేపు ఫైన్లన్నీ "వారం జీతంలో ఇంత శాతం" అని మార్చితే, కాంట్రాక్టు తిరగరాయించుకున్న సూపర్‌స్టార్ కూడా కాగితం మీద రూకీ లాగే కనపడతాడు. మధ్యస్థ జీతం మొత్తం బేస్ లోనే ఉన్న లైన్‌బ్యాకర్ మీద పడుతుంది ఆ దెబ్బ.

నన్నడిగితే శాతాన్ని ఆ ఏడాది క్యాప్‌లో ఆటగాడి మొత్తం లెక్క మీద వెయ్యాలి, బేస్ మీద కాదు. దానికి యూనియన్ ఒప్పుకోదనుకోండి. 2020 ఒప్పందమే 1,019 – 959 ఓట్లతో గట్టెక్కింది, అరవై ఓట్ల తేడా. 2030 సీజన్ దాకా అదే నడుస్తుంది.

స్టిఫ్_ఆర్మ్, సైనిక్‌పురి:

అందరూ గుద్దినవాడి జేబే చూస్తున్నారు. గుద్దించుకున్నవాడి తలకి ఎవడు గుద్దాడో, వాడి జీతమెంతో తెలియదు కదా. దెబ్బ ఒకటే అయినప్పుడు వెల కూడా ఒకటే ఉండాలి అన్నది నా వైపు మాట. ఫ్లాట్ రేటులో ఇంకో మేలుంది: ముందే తెలుస్తుంది. కోచ్ మీటింగ్‌లో గోడ మీద అంకె రాసి చూపించొచ్చు. కాంట్రాక్టు చదివితే గానీ తేలని శాతం ఎవడికి గుర్తుంటుంది?

నాకు అన్యాయంగా కనపడేది వేరే చోట. 2015లో స్టీలర్స్ కార్నర్‌బ్యాక్ విలియం గే గృహహింస మీద అవగాహన కోసం ఊదారంగు బూట్లు వేసుకుంటే 5,787. అదే సీజన్‌లో డిఆంజెలో విలియమ్స్ కళ్ల కింది నలుపులో క్యాన్సర్ గురించి రెండు మాటలు రాసుకుంటే 5,787. క్యామ్ హేవార్డ్ చనిపోయిన తండ్రి ముద్దుపేరు రాసుకుంటే మొదట 5,787, మళ్లీ రాసుకుంటే రెట్టింపు. ముగ్గురూ ఒకే టీమ్. ఎవరి ఎముకా విరగలేదు. మరుసటి ఏడాది లీగే నచ్చిన బూట్లు వేసుకోండంటూ ఏడాదికి ఒక వారం తెరిచింది.

ఫ్లాట్ ఫైన్‌కి భయపడరు అన్న మాట మాత్రం కొంత నిజమే. 2023లో బ్రాంకోస్ కరీమ్ జాక్సన్ నాలుగు ఫైన్లు కలిపి 89,670 కట్టాడు, ఆట తీరు మారలేదు. అక్టోబర్‌లో నాలుగు మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది. డెరిక్ బ్రూక్స్ దాన్ని రెండుకి తగ్గించాడు. తిరిగొచ్చిన మొదటి మ్యాచ్‌లోనే మళ్లీ అలాంటి దెబ్బే, మళ్లీ నాలుగు. అక్కడ ఫైన్ రేటు పదింతలు పెంచినా ఏం ఒరిగేదో నాకు అర్థం కాదు. పదేళ్లకి పైగా ఒకేలా టాకిల్ చేసిన భుజం వారంలో కొత్తది నేర్చుకోదు.

నాలుగో_డౌన్, మియాపూర్:

కవర్_టూ గారూ, 25 శాతం గీత గురించి తెలియదు, థ్యాంక్స్. ఉప్పల్ భాయ్, మ్యాచ్ ఫీజు మాట ఒప్పుకున్నాను, నా పోలిక తప్పే. ఒక్కటి మిగిలింది. ప్రాక్టీస్ స్క్వాడ్ (మ్యాచ్‌లు ఆడని రిజర్వ్ జట్టు) కుర్రాడిని ఒక మ్యాచ్ కోసం పైకి తెచ్చారనుకుందాం. అతనికి హెల్మెట్ ఫైన్ పడితే? 2025లో వాడి వారం జీతం 13,000 కదా.

కవర్_టూ, కొండాపూర్:

పైకి తెచ్చిన వారం అతనికి 13,000 కాదు, యాక్టివ్ ఆటగాడి కనీస చెక్కే వస్తుంది, అంటే 46,667. అందుకని ఆ వారం వరకు చూస్తే మామూలు రూకీ లాగే ఉంటాడు. కానీ అప్పీల్లో పోల్చమన్నది సీజన్ మొత్తం సంపాదనతో. ఒక ఆటగాడిని అలా పైకి తేవడం సీజన్‌కి మూడుసార్లే కుదురుతుంది. మూడూ వాడుకున్నా 3 వారాలు 46,667 చొప్పున, 15 వారాలు 13,000 చొప్పున, మొత్తం 3,35,001. అందులో 23,186 అంటే దాదాపు 7 శాతం. కనీస జీతం రూకీకి అదే ఫైన్ 3 శాతం లోపు. అప్పీల్ కాగితంలో మొదటి వరుసలో రాయాల్సింది ఆ 3,35,001. 46,667 అని రాసుకుని వెళ్తే సగం కేసు అక్కడే పోతుంది.

ఉప్పల్_ఎండ్‌జోన్:

మూడు పనిదినాలు యాదుంచుకో అని గా పోరనికి ముందుగాల ఎవలన్న చెప్పాలె.