మెత్తటి రాళ్ళని టంబ్లర్‌లో వేయొచ్చా, చేత్తోనే రుద్దుకోవాలా?

గులకరాయి:
నా దగ్గర ఫ్లోరైట్, కాల్సైట్, సర్పెంటైన్, కొన్ని పాలరాయి ముక్కలు పోగయ్యాయి. ఉన్నది చిన్న రోటరీ టంబ్లర్, అంటే రాళ్ళు, నీళ్ళు, అరగదీసే పొడి వేసి గుండ్రంగా తిప్పే బ్యారెల్. ఇంతవరకు అందులో అగేట్, జాస్పర్ మాత్రమే వేశాను, బాగానే మెరిశాయి. రాళ్ళ గట్టిదనం కొలిచే మోస్ స్కేలు (1 నుంచి 10) మీద 5 లోపు ఉన్నవి టంబ్లర్‌లో వేస్తే పాడైపోతాయని కొందరు, ఓపికుంటే ఏ రాయైనా మెరుస్తుందని కొందరు అంటున్నారు. అగేట్‌తో కలిపి వేస్తే ఒకేసారి పని అయిపోతుందా? ఎవరి మాట వినాలి?

పలుగురాయి:
వేయకండి. టంబ్లర్‌లో వేసే గ్రిట్, అంటే అరగదీసే పొడి, సిలికాన్ కార్బైడ్. దాని గట్టిదనం 9 పైమాటే. 7 దగ్గర ఉండే అగేట్ మూలల్నే అరగదీసే సరుకు అది. 3 ఉన్న కాల్సైట్‌ని ఏం మిగులుస్తుంది? పిడికెడు రాళ్ళు వేసి చిటికెడు తీసుకుంటారు. ఇక అగేట్‌తో కలపడం అంటారా, మీ కాల్సైట్‌కి ఆ అగేటే ముతక గ్రిట్.

చెకుముకి:
కలపకూడదన్న మాట నిజం. మిగతాది ఒప్పుకోను. గ్రిట్ గట్టిదే, కానీ ఏ సైజు వేయాలో మన చేతిలోనే ఉంది కదండీ. మెత్తటి రాళ్ళకి 60/90 ముతక గ్రిట్ జోలికే పోనక్కర్లేదు (అంకె పెరిగేకొద్దీ పొడి సన్నం). పదును అంచుల్ని ముందే తడి ఎమెరీ కాగితంతో కొట్టేసి 220తోనో, నున్నగా ఉంటే నేరుగా 500తోనో మొదలుపెట్టాలి. బ్యారెల్ ముప్పావు వంతు నిండి ఉండాలి. సగమే నింపితే రాళ్ళు పైనుంచి ధబధబా పడతాయి, మెత్తటి రాయి పాడయ్యేది ఎక్కువగా అక్కడే. ఖాళీని ప్లాస్టిక్ గుళికలతో నింపండి, ధారాళంగా. వేగం తగ్గించే వీలుంటే తగ్గించండి. కొందరు నీళ్ళలో చక్కెర కలిపి బురదని చిక్కబరుస్తారు, దెబ్బ తగ్గుతుందని.

పలుగురాయి:
రాళ్ళకి చక్కెర పాకం! ఇంత సేవ చేసే బదులు ఎమెరీ కాగితం పట్టుకుని కూర్చుంటే పని అయిపోదూ?

చెకుముకి:
రెండు రాళ్ళయితే అయిపోతుంది. బ్యారెల్ నిండా ఉంటే మీరు కూర్చోండి, మేం చూస్తాం 🙂

స్ఫటికం:
ఇద్దరూ గట్టిదనం చుట్టూనే తిరుగుతున్నారు. 1812లో ఫ్రెడరిక్ మోస్ పెట్టిన ఆ అంకెలు ఏ ఖనిజం దేన్ని గీస్తుందో చెబుతాయి, అంతవరకే. దెబ్బ తగిలితే ఏమవుతుందో చెప్పవు. నెఫ్రైట్ జేడ్ క్వార్ట్జ్ కంటే కాస్త మెత్తన, కానీ పగలగొట్టడం క్వార్ట్జ్ కంటే చాలా కష్టం.

టంబ్లర్ విషయంలో అసలు చూడాల్సింది రాయి చీలే తీరు. ఫ్లోరైట్ గట్టిదనం 4. అది నాలుగు దిశల్లో శుభ్రంగా చీలుతుంది. కాల్సైట్ మూడు దిశల్లో. తోటి రాయి వచ్చి తగిలితే లోపల సన్నటి గీత పడుతుంది, మర్నాటికి ఆ పలక ఊడొస్తుంది. ఊడిన ముక్క అంచు కొత్తది, పదునుది. అది మిగతా రాళ్ళ మధ్య తిరుగుతుంటే మీరు ఎంత సన్నటి గ్రిట్ వేసి ఏం లాభం?

పాలరాయి కూడా ప్రధానంగా కాల్సైటే, గట్టిదనం అదే 3. అయినా దాని కథ వేరు. చిన్న చిన్న రేణువులు తలో దిక్కుకీ తిరిగి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి ఒకదానిలో మొదలైన పగులు పక్కదానిలోకి నేరుగా పోలేదు. అందుకే పాలరాయి టంబ్లర్‌కి తట్టుకుంటుంది, పెద్ద కాల్సైట్ స్ఫటికం తట్టుకోదు. సర్పెంటైన్ ఇంకా మొండిది. ఆబ్సిడియన్ చూడండి, 5 దాటింది, చీలిక తలాలు లేనే లేవు, కానీ గాజు కాబట్టి అంచుల నిండా తెల్లటి దెబ్బమచ్చలు. '5 లోపు వద్దు' అన్న గీత ఎవరు గీశారో గానీ, దాని వల్ల మంచి రాళ్ళు పక్కన పడిపోతున్నాయి.

పలుగురాయి:
చీలిక మాట సరే, పాలరాయి వరకు వెనక్కి తగ్గుతాను. కానీ తట్టుకోవడం వేరు, మెరవడం వేరు. టంబ్లర్‌లోంచి వచ్చిన పాలరాయి నునుపుగా ఉంటుంది, అద్దంలా ఉండదు. ఆ మెరుపు కోసం పాలరాయి పనివాళ్ళు ఆక్సాలిక్ యాసిడ్ కలిసిన పొడులు వాడతారు.

చెకుముకి:
దయచేసి దాన్ని ఇంట్లో వద్దు, విషం. రాయి ఆరాక చూస్తే 500 గ్రిట్ గీతలు కనిపించకుండా పోయేదాకా ఆగి, శుభ్రంగా కడిగి, అప్పుడు పాలిష్ వేస్తే చేతికి నచ్చే మెరుపు వస్తుంది. చాలామంది ఈ కడగడం దగ్గరే తొందరపడతారు. రబ్బరు మూత అంచున నాలుగు ముతక రేణువులు మిగిలినా మెత్తటి రాయి మీద గీతలు ఖాయం. వీలైతే పాలిష్‌కి వేరే బ్యారెల్ పెట్టుకోండి. అగేట్‌ని వారం వదిలేసినట్టు వీటిని వదలకండి, రోజూ మూత తీయాలి. లోపల గ్యాస్ పట్టినా బయటికి పోతుంది.

ఇసుకరేణువు:
ఇంత గొడవ రోటరీ వల్లే. వైబ్రేటరీ టంబ్లర్‌లో రాళ్ళు దొర్లి పడవు, ఉన్నచోటే అదురుతూ ఒరుసుకుంటాయి. ఆకారం అంతగా పోదు, పని కూడా రోజుల్లో అవుతుంది. దాని ఖరీదు ఎక్కువే, ఒప్పుకుంటాను.

స్ఫటికం:
అందులో కూడా ఫ్లోరైట్ అంచులు లేస్తాయి, కాకపోతే తక్కువ.

ఇంకో మాట, గులకరాయి గారూ. కొన్ని సర్పెంటైన్ రాళ్ళలో ఆస్బెస్టాస్ పీచు ఉంటుంది. పీచులు పీచులుగా కనిపించే ముక్కని దేనిలోనూ వేయకండి, కోయకండి. మిగతా వాటినైనా తడిగానే రుద్దాలి, బురద ఆరి దుమ్ము కాకముందే మూటకట్టి పారేయాలి. సింకులో పోస్తే పైపులో పేరుకుని గడ్డకడుతుంది. కాల్సైట్, పాలరాళ్ళని చివర్లో వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో కడిగారో, తెచ్చుకున్న మెరుపంతా నురగై పోతుంది.

గులకరాయి:
అయితే పాలరాయి, పీచు లేని సర్పెంటైన్ వేరువేరుగా, గుళికలతో, 500 నుంచి. ఫ్లోరైట్, కాల్సైట్ చేత్తో. ఇంతేనా?

పలుగురాయి:
ఫ్లోరైట్‌కి 600 తడి కాగితంతో మొదలుపెట్టి 1000, 2000కి వెళ్ళండి, చివర్లో తోలు మీద టిన్ ఆక్సైడ్ పాలిష్ పొడి. గట్టిగా నొక్కకండి, వేడెక్కనివ్వకండి.

చెకుముకి:
ఒక్క ఫ్లోరైట్ ముక్క, బాగా పగిలిపోయిందే అయినా, ఆ పాలరాళ్ళతో పాటు గుళికల మధ్య వేసి చూడండి. ఏమైందో ఇక్కడ రాయండి.

స్ఫటికం:
పాలరాళ్ళతో పాటు వద్దు. వేయాలనిపిస్తే దాన్ని విడిగా వేయండి.