ఫెడరల్ గ్రాంటుతో చేసే చిన్న ఇంటి రిపేర్లకూ పర్యావరణ సమీక్ష ఉండాలా?

వానచుక్క (ఒహాయో)

వృద్ధుల ఇళ్లకు రిపేర్లు చేయించే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నేను వాలంటీర్‌ని. అమెరికా గృహనిర్మాణ శాఖ, అంటే హడ్, ఇచ్చే సీడీబీజీ (కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్) డబ్బు మా సిటీ ద్వారా మాకు వస్తుంది. 1974 చట్టంతో మొదలైన పథకం ఇది. ఇందులో కనీసం 70 శాతం డబ్బు తక్కువ, మధ్యస్థ ఆదాయాల వాళ్లకు ఉపయోగపడాలి. పథకం మంచిదే, ఆ విషయంలో నాకు పేచీ లేదు.

కిందటి అక్టోబరులో ఒక పెద్దావిడ ఇంటి పైకప్పు కారుతోందని దరఖాస్తు పెట్టాం. పని మొదలయ్యేసరికి ఏప్రిల్ వచ్చింది. చలికాలమంతా ఆవిడ పడకగది తలుపు మూసేసి, హాల్లో సోఫా మీద పడుకున్నారు. ఎప్పుడు ఫోన్ చేసినా "ఎన్విరాన్‌మెంటల్ రివ్యూ అవ్వలేదండీ" అనే సమాధానమే. వరద ముంపు ప్రాంతమా, చారిత్రక కట్టడమా, ఎయిర్‌పోర్టు దగ్గరా అని చూడాలట. 60 ఏళ్లుగా అక్కడే ఉన్న ఇంటికి కొత్త షింగిల్స్, అంటే పైకప్పు పలకలు, వేస్తే పర్యావరణానికి కొత్తగా వచ్చే నష్టం ఏమిటి? ఒక కుటుంబం ఉండే ఇంటి రిపేర్లను ఈ సమీక్ష నుంచి పూర్తిగా తప్పించాలని నా అభిప్రాయం.

మట్టిపరీక్ష (ఇండియానా)

ఆ పెద్దావిడ సంగతి చదివి చాలా బాధేసింది. కానీ "పూర్తిగా తప్పించాలి" అన్న మాట ఒప్పుకోలేను.

మా రాష్ట్రంలో ఈస్ట్ షికాగో అనే ఊరు ఉంది. అక్కడ 1970ల మొదట్లో వెస్ట్ కాల్యుమెట్ అనే ప్రభుత్వ గృహ సముదాయం కట్టారు. అంతకుముందు ఆ స్థలంలో సీసం కరిగించే ఫ్యాక్టరీ ఉండేది. 2009లో ఆ ప్రాంతం, విషపూరితమైన స్థలాలను శుభ్రం చేయించే ఫెడరల్ పథకమైన సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది. అప్పటికీ జనం అక్కడే కాపురాలు చేస్తున్నారు. 2016 వేసవిలో ఇళ్లు ఖాళీ చేయాలని వాళ్లకు చెప్పారు. వెయ్యి మందికి పైగా ఉంటే, వాళ్లలో 600 మందికి పైగా పిల్లలే. పెరట్లో మట్టిలో ఆడుకున్న పిల్లలు! సీసం పిల్లల మెదడుకు చేసే నష్టాన్ని ఏ మందూ వెనక్కి తేలేదు. స్థలం చరిత్ర ముందే అడిగి ఉంటే వాళ్ల బతుకులు వేరేగా ఉండేవి.

ఇటుకబట్టి (టెక్సస్)

మట్టిపరీక్ష గారూ, అది సీడీబీజీ పుట్టకముందు, కొత్తగా కట్టిన సముదాయం. పైకప్పు రిపేరుకు దాన్ని ఉదాహరణగా చూపడం సరికాదు.

నేను తక్కువ అద్దె ఇళ్లు కట్టేవాళ్లతో పనిచేస్తాను. మా ఇబ్బంది ఇదే సమీక్షలో ఉండే శబ్దం నిబంధనతో. పగలూ రాత్రీ కలిపి లెక్కగట్టిన సగటు 65 డెసిబెల్స్ దాటితే కిటికీలు, గోడలు శబ్దం ఆపేలా కట్టాలి. 75 దాటితే ఆ చోటు ఆమోదయోగ్యం కాదంటారు. మాకు అందుబాటు ధరలో దొరికే స్థలాలు హైవే పక్కనే ఉంటాయి. ఆ పేదవాళ్లు ఇప్పుడుంటున్న పాత అపార్ట్‌మెంట్లూ అదే హైవే పక్కన, ఇంకా పల్చటి కిటికీలతో ఉన్నాయి. కొత్తది కట్టకపోతే వాళ్లు ఆ పాత చోటే ఉండిపోతారు. ఈ లెక్క ఎవరూ వేయడం లేదు.

గ్రాంట్‌డెస్క్ (నార్త్ కరోలైనా)

ఒక సిటీ గ్రాంట్ల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

వానచుక్క గారూ, ఆ ఆరు నెలల ఆలస్యం చట్టం వల్ల కాదు, ఫైలు నడిపిన తీరు వల్ల అని నా అనుమానం. ఈ సమీక్ష ఎలా చేయాలో చెప్పే పార్ట్ 58 అనే హడ్ నిబంధనల్లో అన్ని పనులకూ ఒకే సమీక్ష లేదు. పైకప్పులో కారే చోట అతుకు వేస్తే అది మెయింటెనెన్స్, దాదాపు ఏ పరిశీలనా అక్కర్లేదు. పైకప్పు మొత్తం మారిస్తే రీహాబ్ (ఇంటి పునరుద్ధరణ) కిందకు వస్తుంది, అప్పుడు వరద, చారిత్రక కట్టడం వగైరా చూడాలి. వాటిలో ఏదీ అడ్డం రాకపోతే ఫైలు 'ఎగ్జెంప్ట్'గా, అంటే మినహాయింపు ఉన్నదిగా మారుతుంది. పేపర్లో ప్రకటన వేయక్కర్లేదు, హడ్ 15 రోజుల అభ్యంతరాల గడువు కోసం ఆగక్కర్లేదు. పైగా రిపేర్ల కార్యక్రమం మొత్తానికి ఒకసారి పెద్ద సమీక్ష చేసి పెట్టుకుని, ఒక్కో ఇంటికి చిన్న చెక్‌లిస్టు నింపే పద్ధతి ఉంది. టియర్డ్ రివ్యూ అంటారు. మీ సిటీ ప్రతి ఇంటికీ మొదటి నుంచి మొదలుపెడుతున్నట్టుంది.

సిటీల భయం కూడా అర్థం చేసుకోవాలి. హడ్ తరఫున సమీక్ష బాధ్యత సిటీదే. సాధారణంగా మేయర్ సంతకం పెడతారు, తేడా వస్తే ఆ సంతకానికి ఫెడరల్ కోర్టులో జవాబు చెప్పుకోవాలి. అందుకే కింది ఉద్యోగి ఒక కాగితం బదులు నాలుగు పెడతాడు.

నా కళ్లముందే జరిగింది ఒకటి చెప్తాను. ఒక చోట మంచి స్థలం చేజారుతుందని సమీక్ష పూర్తికాకముందే సొంత నిధులతో కొనేశారు. ఆ ప్రాజెక్టుకు ఫెడరల్ డబ్బు పోయింది. సొంత డబ్బు ఖర్చుపెట్టినా తప్పే, నిబంధన అంత గట్టిది. అయినా నేను దాన్ని సమర్థిస్తాను. స్థలం కొన్నాక "వేరే చోటు చూద్దామా" అని ఎవరూ అడగరు.

వానచుక్క (ఒహాయో)

గ్రాంట్‌డెస్క్ గారూ, చాలా థ్యాంక్స్. టియర్డ్ రివ్యూ సంగతి మాకెవరూ చెప్పలేదు. "పూర్తిగా తప్పించాలి" అన్నది వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ అసలు బాధ అలాగే ఉంది. మా సిటీలో ఈ పనంతా ఒకే ఉద్యోగి చూస్తారు. ఆవిడ సెలవు పెడితే ఫైళ్లన్నీ ఆగిపోతాయి. 2023లో కాంగ్రెస్ పర్యావరణ అంచనా నివేదికలకు ఏడాది, పెద్ద ప్రభావ నివేదికలకు రెండేళ్లు గడువు పెట్టింది. మా పైకప్పు లాంటి చిన్న పనులకు అందులో గడువే లేదు. 30 రోజులని పెడితే తప్పేమిటి?

మట్టిపరీక్ష (ఇండియానా)

గడువుకు నేనూ ఒప్పుకుంటాను. ఒక్కటే మాట, 1978కి ముందు కట్టిన ఇళ్లలో సీసం పెయింట్ పరిశీలన మాత్రం వదలకండి. పాత పెయింట్ గీకినప్పుడు లేచే దుమ్ము పక్కింటి పిల్లల దాకా వెళ్తుంది.

గ్రాంట్‌డెస్క్ (నార్త్ కరోలైనా)

30 రోజులు కుదరదండీ. 1966 నాటి చారిత్రక కట్టడాల చట్టం కింద రాష్ట్ర కార్యాలయం జవాబివ్వడానికే 30 రోజులు ఉంటాయి. 60 ఏళ్ల ఇల్లంటే అక్కడికి వెళ్లక తప్పదు. అయితే ఆ కార్యాలయంతో సిటీ ముందే ఒప్పందం చేసుకోవచ్చు. పాత షింగిల్స్ తీసి అలాంటివే వేస్తే ప్రతిసారీ అడగక్కర్లేదని అందులో రాసుకోవచ్చు. గడువు కన్నా ముందు మీరు అడగాల్సింది అది.

వానచుక్క (ఒహాయో)

గ్రాంటు డబ్బు ఏడాదిలో ఎలా ఖర్చుపెడతారో చెప్పే మా సిటీ వార్షిక యాక్షన్ ప్లాన్ మీద 30 రోజుల పాటు ప్రజాభిప్రాయాలు తీసుకుంటారు. ఈసారి టియర్డ్ రివ్యూ, ఆ ఒప్పందం రెండూ రాతపూర్వకంగా అడుగుతాను. పెద్దావిడ పేరు రాయను కానీ, ఆవిడ ఒప్పుకుంటే ఆ చలికాలం ఎలా గడిచిందో ఆవిడ మాటల్లోనే జత చేస్తాను. మీ సిటీల్లో అలాంటి ఒప్పందం కాపీ ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి.